ఘాటెక్కే జీపుకు ఏ ఫ్యాను?

ఎండలు ముదిరాయంటే రేడియేటర్ పనివాళ్లకు తీరికుండదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లోనైనా ఏప్రిల్, మే నెలల్లో ఒక మాట తరచూ చెవిన పడుతుంది. "బండి హీటెక్కుతోందన్నా, కాస్త పెద్ద ఫ్యానుంటే చూడు." కౌంటర్ దగ్గరాయన గోడకు తగిలించిన వాటిలో రెక్కలు ఎక్కువున్నదాన్ని దించి ఇస్తాడు. కొన్నాయన సంతోషంగా పట్టుకెళ్తాడు. కొన్నాళ్లకు మళ్లీ వస్తాడు, ఈసారి ఇంకా పెద్దది కావాలంటూ.

ఆ కొన్నాయనకు పనికొచ్చే నాలుగు మాటలు ఈ పూట చెప్పుకుందాం. ఆయనది పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. మహీంద్రా ఎంఎం 540 కావచ్చు, కమాండర్ కావచ్చు, మారుతి జిప్సీ కావచ్చు. సంత రోజున మనుషుల్నీ బస్తాల్నీ కలిపి ఎక్కించుకుని పాడేరు వైపో మారేడుమిల్లి వైపో ఘాటెక్కే సర్వీసు జీపు కావచ్చు. హైదరాబాద్‌లో వారమంతా కవరు కప్పి ఉంచి, ఆదివారం తీసి తిప్పే ముచ్చట జీపు కావచ్చు. ఈ చివరి రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఇంజినువి అయినా సరే, రెంటికీ ఒకే ఫ్యాను సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను.

కొనే ముందు బండిని ఒక ప్రశ్న అడగాలి. ఎప్పుడు వేడెక్కుతున్నావు అని. గంటకు 60 కిలోమీటర్ల వేగం దాటితే ఎదురుగాలే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది. అప్పుడు ఫ్యాను ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు. కాబట్టి ఊళ్లో బాగానే ఉండి, హైవే ఎక్కి వేగం పెంచాక వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ఫ్యానును అనవద్దు. రేడియేటర్ లోపలి గొట్టాలు పూడుకుపోయి ఉంటాయి. మన దగ్గర దీనికి ముఖ్య కారణం బోరు నీళ్లు. నల్గొండలో, ప్రకాశంలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివి. కాచిన గిన్నెకు తెల్లగా పట్టే పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. దారిలో ఎక్కడ బోరు కనబడితే అక్కడ బాటిల్ నింపి పోసుకుంటూ వచ్చిన బండికి కొత్త ఫ్యాను బిగించడమంటే డబ్బులు దండగ. పూడిన గొట్టంలో నీళ్లే కదలనప్పుడు బయట ఎంత గాలి వీస్తే ఏం లాభం?

అదే బండి నిలబడి ఉన్నప్పుడు, మెల్లగా పాకుతున్నప్పుడు వేడెక్కి, కాస్త వేగం అందుకోగానే ముల్లు దిగిపోతుంటే అప్పుడు అనుమానం గాలి మీదికి వస్తుంది. గాలి అంటే ఫ్యాను ఒక్కటే అనుకోకండి. బెల్టు వదులై జారుతుండవచ్చు. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలి, అంతకు మించి దిగితే బిగించాలి. రేడియేటర్ రెక్కల మధ్య దమ్ము చేసిన మడిలోని బురద ఎండి గట్టిపడి ఉండవచ్చు, గడ్డి గింజలు ఇరుక్కుని ఉండవచ్చు. తర్వాత బిగించుకున్న ఏసీ కండెన్సర్ ముందు అడ్డంగా ఉండవచ్చు. ఎలాగున్నా ముల్లు పైకే పోతోంది, పైగా చల్లారాక మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయంటే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఆ పరిస్థితిలో ప్రపంచంలోని ఏ ఫ్యానూ ఆ బండిని కాపాడలేదు.

గాలి సంగతి తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఇంజిను కొంచెం రేజ్ చేయించి, బండి ముందు వైపు నుంచి, మళ్లీ చెబుతున్నాను, ముందు వైపు నుంచే, ఒక నోటుబుక్కు కాగితాన్ని గ్రిల్లుకు ఆనించండి. వేడి మీదున్న బండిలో ఫ్యాను దాన్ని లాగి పట్టుకోవాలి. జారి కింద పడిందంటే గాలి లాగడం లేదు. ఫ్యాను వైపు నుంచి మాత్రం ఏమీ పెట్టవద్దు. తిరుగుతున్న ఫ్యానులోకి చుట్టిన పేపరు పెట్టి బలం చూసే మెకానిక్‌లు పాతకాలంలో ఉండేవారు. వేళ్లు పదిలంగా ఉన్నవాళ్లు ఆ పద్ధతిని వదిలేయడం మంచిది.

ఇక ఫ్యాన్ల సంగతికి వద్దాం. మొదటిది ఇంజినుకే బిగించిన ఫ్యాను. వాటర్ పంపు పుల్లీ మీద నాలుగు బోల్టులతో ఉంటుంది, ఇంజిను తిరిగినంతసేపూ తిరుగుతుంది. రెండోది అదే చోట ఉంటుంది కానీ మధ్యలో విస్కస్ క్లచ్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. అందులో చిక్కటి సిలికాన్ ద్రవం. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే డబ్బా ముందున్న లోహపు చుట్ట మెలితిరిగి ద్రవానికి దారి తెరుస్తుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. చల్లబడితే వదులై నెమ్మదిస్తుంది. మూడోది బ్యాటరీ కరెంటుతో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాను.

ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద ఏం జరుగుతుందో చూడండి. అనంతగిరి మలుపుల్లో నిండా లోడుతో రెండో గేరులో ఎక్కుతున్నారు. లేదా అడవి బాటలో ఫోర్ వీల్ లో-గేరులో పాకుతున్నారు. బండి వేగం 10, 15 కిలోమీటర్లు, ఎదురుగాలి శూన్యం. కానీ ఇంజిను మాత్రం నిమిషానికి 2500 చుట్లకు పైనే తిరుగుతోంది. ఇంజినుకు బిగించిన ఫ్యానూ దానితోపాటు ఉధృతంగా తిరుగుతుంది. అంటే వేడి ఎప్పుడు ఎక్కువ పుడుతుందో అప్పుడే గాలీ ఎక్కువ. ఎవరూ స్విచ్ వేయనక్కర్లేదు, వైరు కాలిపోతుందన్న భయం లేదు. పాత జీపు రూపొందించినవాళ్లు ఈ ఏర్పాటును ఊరికే పెట్టలేదు.

అదే జీపు సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడితే కథ తిరగబడుతుంది. ఇంజిను ఐడిలింగ్‌లో 700, 800 చుట్లే తిరుగుతుంది. ఫ్యానూ అంతే బద్ధకంగా తిరుగుతుంది. కింద తారు సెగ, ముందు బస్సు పొగ. ఇక్కడ ఎలక్ట్రిక్ ఫ్యానుదే పైచేయి. ఇంజిను ఎంత నిదానంగా తిరిగినా అది తన వేగంతో తాను తిరుగుతుంది. కాబట్టి మీ బండి మెల్లగా పోతున్నప్పుడు ఇంజిను వేగంగా తిరుగుతుందా, అదీ మెల్లగానే తిరుగుతుందా అన్నది తేల్చుకోండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

"పెద్ద ఫ్యాను" అనే కోరికను కూడా కాస్త లెక్కేసి చూడాలి. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది. కానీ దాన్ని తిప్పడానికి ఇంజిను పెట్టే బలం 8 రెట్లు అవుతుంది. భౌతికశాస్త్రం చెప్పే ఈ లెక్కను ఎవరూ తప్పించుకోలేరు. నిమిషానికి 2000 చుట్ల దగ్గర 1 హార్స్‌పవర్ తినే ఫ్యాను 4000 దగ్గర 8 తింటుంది. పాత డీజిల్ జీపు మొత్తం బలమే 60 హార్స్‌పవర్ చుట్టుపక్కల. హైవే మీద అక్కర్లేని గాలి కోసం అందులో అంత పోవడం కష్టంగానే ఉంటుంది. విస్కస్ క్లచ్ పుట్టింది ఆ నష్టం తగ్గించడానికే. మహీంద్రా 1979లో ఫ్రాన్సు ప్యూజో కంపెనీతో డీజిల్ ఇంజిన్లకు లైసెన్సు ఒప్పందం కుదుర్చుకుంది. మన పాత జీపుల్లో చాలావాటికి ఆ వంశపు ఇంజినే. తమాషా ఏమిటంటే ఆ ప్యూజో వాళ్లు 1960లలోనే తమ 404 కారుకు, అవసరం లేనప్పుడు విడిపోయే విద్యుదయస్కాంత క్లచ్ ఉన్న ఫ్యాను పెట్టారు. ఊరికే తిరిగే ఫ్యాను మీద వాళ్లకు అప్పుడే కోపం వచ్చిందన్నమాట.

మరి అందరూ ఎలక్ట్రిక్‌కు మారిపోవచ్చు కదా? చాలామంది మారుతున్నారు కూడా. పాత సామాన్ల మార్కెట్లో చిన్న కారు ఫ్యాను ఒకటి కొని, ఇంజిను ఫ్యాను పీకేసి, దాని చోట ఇది బిగించేస్తారు. ఇక్కడ కొంచెం కరెంటు లెక్క వినండి. ఒక మోస్తరు ఎలక్ట్రిక్ ఫ్యాను 20 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 12 వోల్టుల మీద అది 240 వాట్లు. అంటే హార్స్‌పవర్‌లో మూడో వంతు. ఘాట్ మీద ఇంజిను ఫ్యాను అంతకు కొన్ని రెట్లు బలం తీసుకుని గాలి తోస్తుంది. దాని స్థానంలో మూడో వంతు హార్స్‌పవర్ మోటారు పెట్టి అదే గాలి రావాలంటే ఎలా వస్తుంది? డబ్బా మీద వేసే గాలి అంకెలు తరచూ ఎదురుగా అడ్డమేమీ లేకుండా కొలిచినవి. మూడు నాలుగు వరసల గొట్టాలున్న ఇత్తడి, రాగి రేడియేటర్ వెనక పెడితే ఆ అంకె చాలా పడిపోతుంది.

ఆల్టర్నేటర్ సంగతి ఇంకా ఇబ్బంది. మీ బండి ఆల్టర్నేటర్ మీద 35 ఆంపియర్లని రాసి ఉందనుకోండి. అది ఇంజిను బాగా తిరిగేటప్పటి మాట. ఐడిలింగ్‌లో అందులో సగం వస్తే సంతోషించాలి. రాత్రిపూట రెండు హెడ్‌లైట్లకు 9, 10 ఆంపియర్లు పోతాయి. దానికి ఫ్యాను 20 కలపండి. వైపర్లు, హారన్ సంగతి పక్కన పెట్టినా బ్యాటరీ చేతి నుంచి ఖర్చవుతూ ఉంటుంది. పైగా మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే రెండు మూడింతలు లాగుతుంది. కాబట్టి ఎలక్ట్రిక్ ఫ్యాను కొనేవాళ్లు దాని ధరకు పెద్ద ఆల్టర్నేటర్ ధర, రిలే, ఫ్యూజు, లావు వైరు ధర కలిపి చూసుకోవాలి. రిలే లేకుండా డ్యాష్‌బోర్డు స్విచ్ నుంచే నేరుగా కరెంటు ఇచ్చిన బళ్లు చాలా కనబడతాయి. ఆ స్విచ్ ఏదో ఒకరోజు కరుగుతుంది, ఎక్కువసార్లు ఘాట్ మధ్యలోనే.

ఆటోమేటిక్ స్విచ్ పెట్టేటప్పుడు థర్మోస్టాట్ వాల్వును గుర్తుంచుకోండి. ఇంజిన్లో ఉన్న వాల్వు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టేదైతే, ఫ్యాను స్విచ్ అంతకు ఎగువన, 92 దగ్గరో 95 దగ్గరో వేసేది కావాలి. 80కే వేసే స్విచ్ పెడితే ఫ్యాను ఇక ఆగదు. వేసవి రాగానే ఆ వాల్వునే పీకి అవతల పారేయమనే సలహా మన దగ్గర బాగా చెలామణీలో ఉంది. దయచేసి వినవద్దు. కొన్ని ఇంజిన్లలో వాల్వు లేకపోతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన ఇంజినులోకే తిరిగొచ్చేస్తాయి. మిగతా వాటిలో చలికాలం పొద్దున లంబసింగిలో ఇంజిను వేడెక్కక, తెల్లపొగ వదులుతూ అరిగిపోతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎలక్ట్రిక్ ఫ్యానును రేడియేటర్ రెక్కల గుండా ప్లాస్టిక్ టైలు దూర్చి బిగించేవారున్నారు. నున్నటి రోడ్డు మీద తిరిగే కారులో కొన్నాళ్లు నడుస్తుందేమో. జీపు కుదుపులకు ఆ టైలు గొట్టాలను రాసుకుని రాసుకుని చిల్లి పెడతాయి. పక్క ఫ్రేముకు పట్టీలు వేసి బిగించమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి.

నా సలహా అడిగితే, కొండదారి జీపుకు ఇంజిను ఫ్యానునే ఉంచుకోండి. కంపెనీ ఇచ్చింది విస్కస్ అయితే విస్కసే తిరిగి పెట్టండి. సిటీలోనూ తిరగాలి, ఏసీ కూడా కావాలంటే దానికి తోడుగా ముందు వైపు చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను అమర్చుకోవచ్చు. అమెరికాలో అమ్మిన జీప్ చెరోకీ 4 లీటర్ల బళ్లకు కంపెనీయే ఇంజిను ఫ్యానూ, ఎలక్ట్రిక్ ఫ్యానూ రెండూ ఇచ్చేది. ముందు పెట్టేది గాలిని నెట్టే రకం కావాలి, వెనక పెట్టేది లాగే రకం. లాగే ఫ్యాను వైర్లు తారుమారు చేస్తే అదీ నెడుతుంది. కాకపోతే రెక్కల వంపు ఎదురు తిరిగి ఉంటుంది కాబట్టి అరకొర గాలే వస్తుంది.

ఈ రెక్కల వంపు విషయంలోనే ఇంజిను ఫ్యానుకు ఒక మోసం జరుగుతుంటుంది. వాటర్ పంపు మార్చినప్పుడు తొందరలో ఫ్యానును ముందు వెనకలు మార్చి బిగిస్తారు. స్టార్ట్ చేసి చెయ్యి పెట్టి చూస్తే గాలి సరైన దిక్కుకే వస్తుంది. అవును, తిరగేసినా అదే దిక్కుకు వస్తుంది. గాలి మాత్రం బాగా తగ్గుతుంది. అంతా బాగుందనుకుని పంపించేస్తారు, బండి ఘాట్ మీద మరుగుతుంది. పాత ఫ్యాను విప్పే ముందే ముందు వైపు సుద్దముక్కతో ఒక గీత గీయించండి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వచ్చాను. ఫ్యాను చుట్టూ ఉండే రేకు కవరు. కంపెనీ వాళ్లు ష్రౌడ్ అంటారు. పాత జీపుల్లో చాలావాటికి అది ఉండదు. ఎప్పుడో రేడియేటర్ విప్పినప్పుడు అడ్డమని తీసేసి, షెడ్డు మూల పారేసి ఉంటారు. కవరు లేని ఫ్యాను అడుగు లేని బొక్కెనతో నీళ్లు తోడినట్టు పనిచేస్తుంది. రెక్కల కొసల దగ్గర గాలి వెనక నుంచి ముందుకు తిరిగొచ్చి అక్కడక్కడే సుడులు తిరుగుతుంది. రేడియేటర్ మధ్యలో ఒక గుండ్రటి భాగం చల్లబడుతుంది, నాలుగు మూలలూ అలాగే వేడిగా ఉంటాయి. ఫ్యాను మార్చాలని వచ్చిన చాలామందికి కావలసింది ఈ కవరే. దొరక్కపోతే ఆటోనగర్‌లో రేకు పనివాళ్లు కొలత తీసుకుని చేసిస్తారు. రెక్క వెడల్పులో సుమారు సగం కవరు లోపల, సగం బయట ఉండేలా చూసుకోవాలి. రెక్కల కొసకూ కవరుకూ మధ్య 20, 25 మిల్లీమీటర్ల సందు చాలు. సందు తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది కానీ మనది గుంతల్లో దూకే బండి. కవరు రేడియేటర్‌కు ఉంటుంది, ఫ్యాను ఇంజినుకు ఉంటుంది. రెండూ వేర్వేరుగా ఊగుతాయి. ఇంజిను మౌంటింగ్ రబ్బర్లు చితికిపోయి ఉంటే గట్టి బ్రేకు వేసినప్పుడు ఇంజిను ముందుకు కదిలి ఫ్యాను రేడియేటర్‌నే కోసేస్తుంది. కొత్త ఫ్యానుతోపాటు ఆ రబ్బర్లు కూడా చూపించుకోండి. రెక్కలకూ రేడియేటర్‌కూ మధ్య అంగుళానికి తగ్గకుండా ఖాళీ ఉంచండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత ఫ్యాను సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. బండి పేరు చెబితే చాలదు. ఇన్నేళ్లలో ఆ బండికి ఇంజినే మారిపోయి ఉండవచ్చు. మొత్తం వెడల్పు, బోల్టు రంధ్రాల మధ్య దూరం, నడిమి రంధ్రం సైజు, రెక్కలు ముందుకు ఎంత పొడుచుకొచ్చాయన్న లోతు, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. నడిమి రంధ్రం పంపు బొడ్డు మీద బిగువుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే ఫ్యాను నడుము తప్పి తిరిగి వాటర్ పంపు బేరింగును తినేస్తుంది. అసలు దానికంటే చాలా బరువైన ఫ్యాను పెట్టినా అదే గతి. తిరిగే దిక్కు కూడా చూడండి. మామూలు వీ-బెల్టు ఇంజిన్లలో ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టే ఫ్యాను తిరుగుతుంది. ఒకే వెడల్పాటి బెల్టు అన్నిటినీ తిప్పే ఇంజిన్లలో కొన్నింటికి బెల్టు వీపు పంపును తిప్పుతుంది, అక్కడ ఫ్యాను ఎదురు తిరుగుతుంది. ఆ ఫ్యాను ఈ బండికి పెడితే గాలి ముందుకే పోతుంది.

సెకండ్ హ్యాండ్ రేకు ఫ్యాను కొంటే పగుళ్లు చూడకుండా కొనవద్దు. రివిట్ల చుట్టూ, రెక్క మొదట్లో పగుళ్లు పుడతాయి. కిరోసిన్‌తో తుడిచి, పైపైన ఆరబెట్టి, సుద్దపొడి చల్లండి. పగులులో దాగిన కిరోసిన్ పొడిలోకి ఊరి గీతలా కనబడుతుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. వేగంలో ఊడిన రెక్క బోనెట్‌ను చీల్చుకుని వస్తుంది, ఎదురుగా వంగిన మనిషి బతకడం అదృష్టం. వంగిన రెక్కను సుత్తితో సరిచేస్తామన్నా ఒప్పుకోవద్దు.

విస్కస్ క్లచ్ పాతదైతే ఇంజిను ఆపి, చల్లారాక చేత్తో తిప్పి చూడండి. కాస్త బరువుగా తిరిగి ఆగాలి. గిర్రున చుట్లు తిరిగిందంటే లోపల ద్రవం కారిపోయింది. డబ్బా మీద జిడ్డు చారలున్నా అనుమానమే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు హోరుమంటే మాత్రం కంగారు పడవద్దు. రాత్రంతా ద్రవం కిందికి దిగి ఉంటుంది, తిరిగేకొద్దీ తన చోటుకు పోతుంది. కొత్తదాన్ని ఇంటికి తెచ్చాక బోర్లా పడుకోబెట్టి నెలలు ఉంచకండి, బండిలో ఎలా నిలబడుతుందో అలాగే నిలబెట్టండి. కొన్ని బళ్లలో, పాత ల్యాండ్ రోవర్ టీడీఐ లాంటి వాటిలో, దాని నట్టు ఎదురు మరతో ఉంటుంది. అది తెలియక బలమైన మనుషులు ఎక్కువ బలం చూపించి పంపును విరగ్గొడుతుంటారు.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు కానీ దాని పనీ ఇందులో భాగమే. సముద్రమట్టానికి 900 మీటర్లు దాటిన అరకులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడి గాలీ పలచన, అదే ఫ్యాను మోసే గాలి బరువు దాదాపు పదో వంతు తగ్గుతుంది. 0.9 బార్ ఒత్తిడి నిలబెట్టే మూత సరిగ్గా ఉంటే నీళ్లు మరిగే వేడి దాదాపు 20 డిగ్రీలు పైకి జరుగుతుంది. రబ్బరు ఎండిపోయిన మూతతో ఆ 20 డిగ్రీలూ పోతాయి. మీ బండికి కంపెనీ చెప్పిన ఒత్తిడిదే కొనండి, ఎక్కువది పెడితే పాత రేడియేటర్ అతుకులు ఊడతాయి.

చివరగా వాగుల మాట. వానాకాలం మన్యంలో జీపు నడిపేవాళ్లకు ఇది తప్పదు. నీళ్లు ఫ్యాను దాకా వస్తే తిరిగే రెక్కలు నీటిని తొయ్యబోయి ముందుకు వంగుతాయి, రేడియేటర్‌కు తగులుతాయి. పెట్రోలు బండి అయితే ఫ్యాను చిమ్మిన నీళ్లు డిస్ట్రిబ్యూటర్ మీద పడి ఇంజిను వాగు మధ్యలోనే ఆగుతుంది. పాత ల్యాండ్ రోవర్ల వాళ్లు లోతైన నీళ్లలోకి దిగే ముందు ఫ్యాను బెల్టు తీసేసేవారు. దాటాక వెంటనే వేసేవారు, ఎందుకంటే వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక సుఖం ఉంది. ఒడ్డున ఆగి స్విచ్ ఆపేస్తే చాలు. అందుకని ఆటోమేటిక్ పెట్టించుకున్నా చేత్తో ఆపే స్విచ్ ఒకటి అదనంగా పెట్టించుకోండి. అవతలి గట్టు ఎక్కి, నీళ్లు కారిపోయేదాకా ఒక్క నిమిషం ఆగి, అప్పుడు వేయండి.